గోతెల్‌ను నిర్దోషిగా విడిచిపెట్టకండి

మీరు అడిగినవి రెండు సంగతులు. గ్రిమ్ సోదరుల రాపుంజెల్ కథను మంత్రగత్తె గోతెల్ వైపు నుంచి తిరగరాశారు. ఆమెకు పురిట్లోనే పోయిన ఒక బిడ్డను, ఆమెను వెలివేసిన ఊరిని, ఆడపిల్లలను మోసం చేస్తూ తిరిగే ఒక రాజకుమారుణ్ణి కొత్తగా కల్పించారు. తీరా చదివిన స్నేహితులు "ఇంతకీ ఇందులో తప్పు చేసిందెవరు?" అని అడిగారు. పాఠకుడి జాలిని పోగొట్టుకోకుండా ఆ పాత్ర దుర్మార్గాన్ని ఎలా నిలబెట్టాలన్నది మీ మొదటి ప్రశ్న, కథను జర్మనీలోనే ఉంచాలా లేక మన పల్లెకు తీసుకురావాలా అన్నది రెండోది. ముప్ఫై ఏళ్ళుగా కథలు రాయడం, ఇతరులు రాసినవి దిద్దడం నా పని గనుక, ఆ అనుభవంలో తేలినది చెబుతాను. రెండో ప్రశ్నకు జవాబు చిన్నదే కాబట్టి దాన్ని తర్వాత చూద్దాం.

మీరు కల్పించిన మూడు సంగతులను వరుసగా పెట్టి చూడండి. బిడ్డ పోవడం విధి చేసిన పని, వెలివేయడం ఊరు చేసిన పని, మోసం రాజకుమారుడు చేసిన పని. ఒక్కొక్క కల్పనతో గోతెల్ చేతిలోని నేరంలో కొంత భాగం మరొకరి చేతిలోకి వెళ్ళిపోయింది. చివరికి పన్నెండేళ్ళ పిల్లను తలుపు లేని గోపురంలో పెట్టిన మనిషి దగ్గర ఏమీ మిగల్లేదు. సాక్షులందరూ ముద్దాయి పక్షానే మాట్లాడే విచారణలో తీర్పు ముందే తెలిసిపోతుంది, అందుకే ఆ విచారణను ఎవరూ కూర్చుని వినరు. మీ స్నేహితులకు కలిగిన అసంతృప్తి అదే.

ఈ పొరపాటు నేనూ చేశాను. చాలా ఏళ్ళ క్రితం స్నోవైట్ కథను సవతి తల్లి వైపు నుంచి రాసి, ఒక బడిలో నాలుగో తరగతి పిల్లలకు చదివి వినిపించాను. నా కథలో రాణి ఒంటరిది, ముసలితనం అంటే భయపడేది, అద్దం ఆమెను రెచ్చగొట్టేది. విషపు ఆపిల్ మాత్రం ఏదో పొరపాటున పిల్ల చేతికి చేరినట్టు రాశాను. అంతా విన్నాక ముందు వరుసలోని ఒక పాప లేచి, "మరి ఆపిల్‌లో విషం ఎవరు పెట్టారండీ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. విషం పెట్టిన చేతిని కథలోంచి తీసేసి, ఆ చేతి మీద జాలి పడమని అడిగాను నేను. ఆ రోజు నుంచి దుష్టపాత్రను తిరగరాసేటప్పుడు ముందుగా ఒక నియమం పెట్టుకుంటాను: మూలకథలో ఆ పాత్ర చేసిన పనుల్లో ఏ ఒక్కటీ తగ్గించను, మెత్తబరచను, ఇంకొకరి మీదకు నెట్టను. మార్చగలిగింది ఆ పనులను చూసే చోటు ఒక్కటే.

అలాంటప్పుడు జాలి ఎక్కడి నుంచి వస్తుందని మీరు అడగవచ్చు. మూలకథలోంచే వస్తుంది. కొత్త గతాన్ని కల్పించే ముందు పాత కథను ఒక్కసారి మాటమాటా ఆగి చదవండి. గ్రిమ్ సోదరులు 1812లో మొదటి సంపుటంలో అచ్చు వేసి, తర్వాతి కూర్పుల్లో దిద్దుతూ 1857 నాటి ఏడో కూర్పు దాకా తీసుకొచ్చిన ఆ చిన్న కథలో మీకు కావలసినవన్నీ ఉన్నాయి.

మొదటి వాక్యాల్లో ఒక దంపతులు బిడ్డ కోసం చాలాకాలంగా ఎదురుచూస్తూ ఉంటారు. వాళ్ళ ఇంటి వెనక కిటికీలోంచి ఎత్తయిన గోడ చుట్టిన ఒక అందమైన తోట కనబడుతుంది. ఆ తోట లోకమంతా భయపడే ఒక మాయలాడిది, కాబట్టి ఎవరూ అందులో అడుగుపెట్టరు. కథ ముందుకు సాగితే ఆ మాయలాడి అడిగే మూల్యం ఏమిటి? బిడ్డ. అంటే గోడకు రెండు వైపులా ఉన్న లోటు ఒకటే. ఇటు వైపు లోటు తీరబోతున్నది, అటు వైపు తీరే దారి లేదు. మీరు ప్రత్యేకంగా పురిట్లో పోయిన బిడ్డను తీసుకురావలసిన అవసరమే లేదు. గ్రిమ్‌లు నోరు విప్పి చెప్పకుండా ఆ గోడ ఒక్కదానితోనే చెప్పారు. పైగా వాళ్ళు చెప్పకపోవడమే బలం. ఫలానా రోజున ఫలానా బిడ్డ పోయిందని చెబితే పాఠకుడు అయ్యో అనుకుని ముందుకు వెళ్ళిపోతాడు. గోడ ఇవతల ఊయల కడుతున్న చప్పుడును గోడ అవతల ఒక స్త్రీ మొక్కలకు నీళ్ళు పోస్తూ వింటోందని రాస్తే, ఆ సంగతిని పాఠకుడు తనే పూరించుకుంటాడు.

తర్వాత దొంగతనం. గర్భిణికి తోటలోని రాపుంజెల్ ఆకు మీద కోరిక పుడుతుంది. అది తినకపోతే చచ్చిపోతానంటుంది. వేవిళ్ళ కోరిక తీర్చకపోతే కీడని నమ్మే మనకు ఈ ఘట్టాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. భర్త గోడ దూకి ఆకు తెస్తాడు, రెండోసారి వెళ్ళినప్పుడు దొరికిపోతాడు. ఇక్కడ 1857 కూర్పులో ఒక వాక్యం ఉంది: భార్య పరిస్థితి విన్నాక మాయలాడి కోపం తగ్గింది. ఎంత ఆకు కావాలంటే అంత కోసుకోమంటుంది, పుట్టబోయే బిడ్డను ఇవ్వాలంటుంది, ఆ బిడ్డకు ఏ లోటూ రాదని, తల్లిలా చూసుకుంటానని మాట కూడా ఇస్తుంది. చంపుతానని బెదిరించవలసిన చోట కథలోని దుష్టురాలు బిడ్డ క్షేమం గురించి మాట్లాడుతోంది. నేనైతే పుస్తకంలో ఈ వాక్యం కింద గీత గీస్తాను. ఎందుకంటే ఆ మాట ఆమె నిలబెట్టుకుంది కూడా. పన్నెండేళ్ళ పాటు బిడ్డకు లోటు జరిగినట్టు కథ ఎక్కడా చెప్పదు. తన మాట నిలబెట్టుకోవడం గురించి ఆమెకు ఎంత గర్వముందో రాయండి. ఆ గర్వంలోనే ఆమె చేయబోయే నేరం మొలకెత్తుతుంది.

పేరు సంగతి చూడండి. పుట్టిన వెంటనే వచ్చి, బిడ్డకు రాపుంజెల్ అని పేరు పెట్టి, ఎత్తుకుపోయింది మాయలాడే. ఆ పేరు దొంగిలించిన ఆకు పేరు. మన ఇళ్ళలో ఆడపిల్లకు గోంగూర అని పేరు పెట్టినట్టు ఉంటుంది; తెలుగులో ఈ కథ చెప్పేవాళ్ళు ఆ పేరును ఏదో రాజకుమార్తె పేరులా పలికి వదిలేస్తారు గాని, జర్మన్ పిల్లవాడి చెవికి అది కూరాకే. గోతెల్ వైపు నుంచి చూస్తే తనకు బిడ్డను తెచ్చిపెట్టిన మొక్కకు కృతజ్ఞతగా పెట్టిన పేరది. పిల్ల వైపు నుంచి చూస్తే తన పేరే ఒక అమ్మకపు రసీదు. రోజుకు నూరుసార్లు ముద్దుగా పిలిచే పిలుపులోనే ఆ లావాదేవీ ఉంది. పిలిచే ఆమెకు అది వినబడదు. సానుభూతి గల దుష్టపాత్రకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను చూపలేను, మీ కథలో మాత్రం పేరు ఎలా వచ్చిందన్న ప్రస్తావనే లేదు.

ఇంకొక వాక్యం. రాజకుమారుడు మొదటిసారి పైకి వచ్చి పెళ్ళాడతావా అని అడిగినప్పుడు రాపుంజెల్ మనసులో అనుకునే మాట, "ముసలి గోతెల్ అమ్మ కంటే ఇతను నన్ను ఎక్కువ ప్రేమిస్తాడు" అని. ప్రేమకు కొలబద్దగా ఆ పిల్లకు తెలిసింది గోతెల్ ఒక్కతే. ఆ కొలబద్దను ఆమె ద్వేషంతో వాడలేదు. గోతెల్ ప్రేమించలేదని ఆ పిల్లే అనుకోవడం లేదు, చాలలేదని అనుకుంటున్నది, అంతే. దొరికిపోయిన రోజున గోతెల్ అనే మాట ఏమిటి? నిన్ను లోకమంతటి నుంచి వేరు చేశాననుకున్నాను, అయినా నన్ను మోసం చేశావు. ఇది ఆమె నోటితో ఆమే ఇచ్చిన వాంగ్మూలం. లోకం నుంచి వేరు చేయడమే తన ఉద్దేశమని ఒప్పుకుంటోంది, అదొక నేరమని ఆమెకు తెలియడం లేదు, ఎదురు తనకే ద్రోహం జరిగిందంటోంది. మీ కథంతా ఈ ఒక్క వాక్యం మీద నిలబెట్టవచ్చు.

ఈ కథకు గ్రిమ్‌ల కన్నా పాత చరిత్ర ఉంది, అది మీకు ఒక ధైర్యాన్నీ ఒక హెచ్చరికనూ ఇస్తుంది. నేపుల్స్ రచయిత జంబత్తీస్తా బాసీలే కథల్లో, ఆయన మరణం తర్వాత 1634 నుంచి అచ్చయిన సంపుటాల్లో, ఇదే కథ పెత్రోసినెల్లా పేరుతో ఉంది. అక్కడ పెంచింది ఒక రాక్షసి. పిల్ల రాజకుమారుడితో పారిపోతూ మూడు మాయ కాయలు విసురుతుంది, వాటిలో చివరి దానిలోంచి వచ్చిన తోడేలు రాక్షసిని మింగేస్తుంది. ఆ రాక్షసి మీద ఎవరికీ జాలి కలగదు, కలగాలని బాసీలే కోరుకోనూ లేదు. అక్కడి నుంచి అరవై ఏళ్ళు దాటాక, 1698లో, ఫ్రాన్సులో షార్లెట్ రోజ్ ద లా ఫోర్స్ అనే రచయిత్రి పెర్సినెట్ కథ రాసింది. పధ్నాలుగో లూయీ రాజు ఆగ్రహానికి గురై కాన్వెంటుకు వెళ్ళవలసి వచ్చిన స్త్రీ ఆవిడ. నాలుగు గోడల మధ్య ఉండడమంటే ఏమిటో తెలిసిన మనిషి రాసిన కథలో పెంచిన తల్లి రాక్షసి కాదు, ఒక అప్సరస వంటి దేవత. పిల్లకు రాసిపెట్టి ఉన్న గండం ముందే తెలిసి, దాన్ని తప్పించాలని పన్నెండో ఏట వెండి గోపురంలో సకల సౌకర్యాలతో దాస్తుంది. మోసం తెలిశాక ఆ దేవత కోపం భయంకరంగా ఉంటుంది. ఎడబాటు తర్వాత మళ్ళీ కలుసుకున్న జంట తినబోయిన రొట్టె రాయిగా మారిపోతుంది. చివరికి వాళ్ళు చావుకు సిద్ధపడి ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నప్పుడు ఆమెకు పూర్వపు వాత్సల్యం గుర్తొస్తుంది, బంగారు రథంలో తనే వాళ్ళను రాజుగారి కోటకు చేరుస్తుంది.

అంటే ఈ దుష్టపాత్ర మీద సానుభూతి మన కాలం కనిపెట్టిన కొత్త వింత కాదు, మూడు వందల ఏళ్ళ కిందటే ఉంది. పెర్సినెట్‌ను 1790లో ఫ్రీడ్రిష్ షుల్ట్స్ జర్మన్‌లోకి తెచ్చాడు, ఆ దారిన గ్రిమ్‌లకు చేరింది. వాళ్ళ 1812 కూర్పులో ఇంకా ఆమెను దేవత అనే అర్థమిచ్చే మాటతోనే పిలిచారు, తర్వాతి కూర్పుల్లో మాయలాడి అని మార్చారు, చివర్లో ఆమె కరగడాన్ని మొదటి నుంచే వదిలేశారు. అయినా వాళ్ళు ఒక పని చేయలేదు. స్నోవైట్ సవతి తల్లి చేత ఎర్రగా కాలిన ఇనుప చెప్పులతో చచ్చేదాకా నాట్యం చేయించారు, హాన్సెల్ గ్రెటెల్ కథలో ముసలిదాన్ని పొయ్యిలో తోయించారు, గోతెల్‌కు మాత్రం ఏ శిక్షా వేయలేదు. రాజకుమారుడు గోపురం మీంచి దూకి ముళ్ళలో పడి కళ్ళు పోగొట్టుకున్న తర్వాత ఆమె ప్రస్తావన కథలో మళ్ళీ రాదు. తల్లులను సవతి తల్లులుగా మార్చి మరీ నిందను సర్దుబాటు చేసిన సోదరులు ఇక్కడ ఎందుకు ఊరుకున్నారో వాళ్ళకే తెలియాలి. స్నోవైట్‌లో 1812లో కన్నతల్లిగా ఉన్న రాణిని 1819లో సవతి తల్లిని చేసింది వాళ్ళే. తిరగరాసేవాళ్ళకు మాత్రం ఆ ఖాళీ ఒక వరం.

హెచ్చరిక లా ఫోర్స్ కథలోంచే వస్తుంది. జోస్యం, గండం, విధి అని పెట్టిన క్షణం గోపురం ఒక రక్షణ చర్య అయిపోతుంది, దేవత తప్పు సగానికి తగ్గుతుంది. ఆ కథకు బంగారు రథం ముగింపు సరిపోయింది గాని మీ కథకు సరిపోదు. అలాగే డిస్నీ వారి 2010 నాటి యానిమేషన్ సినిమాలోని గోతెల్ దగ్గర నుంచి కూడా మొదలుపెట్టకండి. అందులో ఆమెకు కావలసింది పిల్ల కాదు, యవ్వనాన్ని తిరిగి ఇచ్చే జుట్టు. జుట్టు కోసం పిల్లను ఉంచుకున్న మనిషిని అసహ్యించుకోవడం సులభం, గండం తప్పించడానికి దాచిన మనిషిని క్షమించడం కూడా సులభమే. కష్టమైనది ఈ రెండింటికీ మధ్య ఉంది: ప్రేమా నేరమూ ఒకే పనిలో ఉండాలి, ఒకదాన్ని తీసేస్తే రెండోది కూడా పోవాలి.

మాటల్లో చెబితే ఇది సిద్ధాంతంలా ఉంటుంది కాబట్టి జుట్టునే తీసుకుని చూపిస్తాను. గ్రిమ్ కథలో ఆ జుట్టు ఇరవై ఎల్లెలు. మన మూర లాగే ముంజేతి పొడవు నుంచి పుట్టిన కొలత అది, ప్రాంతాన్ని బట్టి మారేది. మామూలుగా లెక్కేస్తే పది మీటర్లు దాటుతుంది. మెట్లూ తలుపూ లేని గోపురం మీదకు రోజూ ఒక పెద్ద మనిషి ఆ జుట్టు పట్టుకుని ఎక్కుతోంది. ఎక్కించుకునే పిల్లకు తల నొప్పి పుట్టదా? మూలకథ ఆ ఊసెత్తదు. మీ కథ ఎత్తవచ్చు. నేనైతే ఇలా మొదలుపెట్టి చూస్తాను:

"దీపం పెట్టే వేళకు గోతెల్ పైకి చేరేది. వస్తూనే గిన్నెలో నూనె గోరువెచ్చగా కాచి, పిల్లను కిటికీ పక్కన కూర్చోబెట్టి, కుదుళ్ళ నుంచి కొసల దాకా పాయ పాయగా రాసేది. రెండు గడియలు పట్టేది. ఎక్కడైనా ఒక పాయ పలచబడితే చీకట్లో కూడా వేలి కొసలతో కనిపెట్టేది. రాలిన వెంట్రుకలను పారేయకుండా చుట్ట చుట్టి గూట్లో పెట్టేది. మెడ పట్టేసిందమ్మా అని పిల్ల ఎప్పుడైనా అంటే, చల్లబడిన నూనె మళ్ళీ వెచ్చచేసి మెడ మీద మర్దన చేస్తూ, 'రేపు కాస్త మెల్లగా ఎక్కుతానులే' అనేది."

ఆ చివరి మాటలో ఆమె అబద్ధం చెప్పడం లేదు. రేపు నిజంగానే మెల్లగా ఎక్కుతుంది. ఎక్కకుండా ఉండవచ్చన్న ఆలోచన మాత్రం ఆమెకు రాదు. తలకు నూనె రాయడం ప్రేమ, మన ఇళ్ళలో ఆ స్పర్శ ఎరగని పిల్లలు ఉండరు. అదే నూనె తన తాడు తెగకుండా చూసుకోవడం కూడా. ఈ రెండింటిలో ఏది నిజమని పాఠకుడు అడిగితే రెండూ నిజమేనని మీ కథ చెప్పాలి, కాని నోరు తెరిచి చెప్పకూడదు. వ్యాఖ్యానం ఒక్క వాక్యం చేర్చినా పై పేరా పాడవుతుంది. ఇక్కడ నేను వివరిస్తున్నది మీకు కాబట్టి.

ఇందులోంచి కథనం గురించిన ప్రశ్న పుడుతుంది. మీరు ఉత్తమ పురుషలో రాశారు, గోతెల్ తన కథ తానే చెబుతుంది. ఆ పద్ధతి తప్పేమీ కాదు గాని మీ గోతెల్‌కు తన గురించి అన్నీ తెలుసు: తనకు ఎందుకు బాధ కలిగిందో, ఎందుకు భయపడిందో, ఎక్కడ పొరపాటు చేసిందో వరుసగా వివరిస్తుంది. అంతా తెలిసిన మనిషి ఆ పని చేసి ఉండేది కాదు. ఉత్తమ పురుషలోనే ఉంచాలనుకుంటే ఆమెకు కనబడినవి కొన్ని, కనబడనివి కొన్ని ఉండాలి. కనబడనివి ఆమె వాక్యాల్లోనే పాఠకుడికి దొరకాలి. "పిల్ల రోజంతా పాడుతూనే ఉంటుంది, అంత సంతోషం" అని గోతెల్ రాసిందనుకోండి. మూలకథలో రాపుంజెల్ పాడేది ఒంటరితనంలో కాలం గడవక. ఆ పాట వినే రాజకుమారుడు అడవిలో ఆగిపోయాడు. ఆ సంగతి తెలిసిన పాఠకుడికి గోతెల్ సంతోషంగా రాసుకున్న వాక్యం గుండెలో గుచ్చుకుంటుంది. పాఠకులందరికీ ఈ కథ ముందే తెలిసి ఉండడం తిరగరాసేవాడికి ఉన్న పెద్ద ఆస్తి, దాన్ని ఖర్చు చేయడం నేర్చుకోవాలి.

ఇక మిగతా పాత్రలు. రాజకుమారుణ్ణి మోసగాణ్ణి చేసిన భాగం తీసేయండి. మూలంలో అతను మంచివాడే. వచ్చినప్పుడల్లా ఒక పట్టు నూలు చిలప తెస్తే నిచ్చెన అల్లుకుని దిగివస్తానని రాపుంజెల్ అంటుంది, అతను తెస్తూనే ఉంటాడు. అతను మంచివాడైతేనే గోతెల్ భయానికి అర్థముంది: పిల్లను కాజేసేవాణ్ణి చూసి ఎవరైనా భయపడతారు, పిల్లను సంతోషపెట్టగలిగినవాణ్ణి చూసి భయపడడమే ఆమె రోగం. రాపుంజెల్‌ను కృతఘ్నురాలిగా చూపిన రెండు సన్నివేశాలు కూడా నాకు నచ్చలేదు. దుష్టపాత్ర మీద జాలి కోసం బాధితురాలిని చిన్నబుచ్చడం మన కుటుంబాల్లో రోజూ చూసే వ్యవహారమే, కథలో కూడా అదే చేస్తే కొత్తగా చూపించిందేముంది? కన్న తల్లిదండ్రుల జోలికి ఎక్కువ వెళ్ళనక్కర్లేదు. బిడ్డను ఇచ్చేశాక వాళ్ళు కథలో మళ్ళీ కనబడరు, వెతుక్కుంటూ వచ్చినట్టు కూడా లేదు. ఆ మౌనాన్ని గోతెల్ ఒక్కసారి, ఒక్కసారి మాత్రమే, గుర్తు చేసుకోనివ్వండి.

మీది పెద్దల కథ కాబట్టి 1812 కూర్పులోని ఒక వివరాన్ని వాడుకోమంటాను. రహస్యం బయటపడే ఘట్టం ఇప్పుడు చాలామందికి తెలిసిన రూపంలో, "నువ్వు రాజకుమారుడి కన్నా బరువుగా ఉంటావెందుకు?" అని రాపుంజెల్ నోరు జారడం. మొదటి కూర్పులో అలా లేదు. బట్టలు బిగుతవుతున్నాయి, సరిపోవడం లేదు, ఎందుకో చెప్పు గోతెల్ అమ్మా అని అడుగుతుంది. ఆమె గర్భవతి, ఆ సంగతి ఆమెకే తెలియదు. పిల్లల పుస్తకానికి తగదని ఆ తర్వాత మార్చేశారు. కాని కథ కట్టడం ఎంత గట్టిగా ఉందో చూడండి: ఒక గర్భిణి కోరిక వల్ల గోతెల్ చేతికి వచ్చిన బిడ్డ, తనే గర్భిణి అయిన రోజున చేయి దాటిపోయింది. పైగా ఆ ప్రశ్న అడగడానికి లోకంలో ఆ పిల్లకు గోతెల్ తప్ప ఎవరూ లేరు, అలా లేకుండా చేసింది గోతెలే. తల్లిని అడిగినట్టు నమ్మకంతో అడిగిన ప్రశ్నకు జవాబుగా ఆమె జుట్టు ఎడమ చేతికి రెండు మూడు చుట్లు చుట్టుకుని, కుడి చేత్తో కత్తెర అందుకుంటుంది. ఆ కత్తెరను మీరు వదిలేశారు. మీ కథలో జుట్టు గాలికి ఏదో కొక్కేనికి తగులుకుని తెగింది. నాలుగో తరగతి పాప అడిగిన ప్రశ్న మిమ్మల్ని కూడా అడుగుతుంది.

మన దగ్గర దుష్టపాత్ర వైపు నిలబడి చెప్పే సంప్రదాయం తక్కువేమీ కాదు. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణలో ఎన్టీ రామారావు గారు కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు పాత్రలూ వేస్తే జనం గుండెల్లో మిగిలింది దుర్యోధనుడే, ఆయనకు అందులో ఒక యుగళగీతం కూడా ఉంది. ఆ అలవాటు మన చేతి రాతలోకి తెలియకుండానే వస్తుంది: పాత్రకు న్యాయం చేయడమంటే సభలో నిలబెట్టి పెద్ద సంభాషణ చెప్పించడమని అనుకుంటాం. సుయోధనుడికి అది చెల్లింది, ఎందుకంటే అతను సభల్లో బతికిన మనిషి, ఎదుట భీష్మద్రోణులున్నారు. గోతెల్‌కు సభ లేదు. ఆమె మాట వినేది ఒక్క పిల్ల. మీ ఆరో పేజీలో ఆమె చేసిన ప్రసంగం బాగానే ఉంది, చప్పట్లు కూడా పడతాయి, కాని అది ఆమె గొంతు కాదు.

నాకు మరింత దగ్గరి దారి ఓల్గా గారి విముక్తలో కనబడింది, 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చిన పుస్తకం. అందులో శూర్పణఖను సీత చాలా ఏళ్ళ తర్వాత కలుస్తుంది, ఆమె ఒక అందమైన తోట పెంచుకుంటూ ఉంటుంది. ఆ కథ వెనక్కి వెళ్ళి శూర్పణఖ తరఫున వాదించదు, అందరూ కథ అయిపోయిందనుకున్న చోటి నుంచి ముందుకు వెళుతుంది. అది దెబ్బ తిన్న స్త్రీ కథ, గోతెల్ దెబ్బ కొట్టిన స్త్రీ, కాబట్టి ఆ మాదిరిని ఇక్కడ దించలేరు. తీసుకోదగినది కాలం: మీ కథను ఆమె బాల్యంలో కాక, గోపురం ఖాళీ అయిన రోజున మొదలుపెట్టవచ్చు.

మన పల్లెకు తీసుకురావాలా అన్నదానికి నా సలహా వద్దనే. ఒక కారణం, చెల్లించిన మూల్యం పేరుగా మిగలడం, ఇరుగు పొరుగు ఇళ్ళ మధ్య ఎత్తయిన గోడ కట్టిన తోట, నిర్జనమైన అడవిలో రాతి గోపురం, ఇవన్నీ ఒకదానితో ఒకటి అతుక్కుని ఉన్నాయి. ఒకదాన్ని మారిస్తే మిగతావి సందర్భం కోల్పోతాయి. రెండోది ఇంకా గట్టిది. మన పల్లెలో ఒంటరి స్త్రీని మంత్రగత్తె అన్న క్షణం కథ వేరే దారి పడుతుంది. చేతబడి నెపం మీద మనుషులను కొట్టి చంపిన వార్తలు చదివిన పాఠకుడు వెంటనే ఊరి మీద కోపం తెచ్చుకుంటాడు. అది న్యాయమైన కోపమే, రాయదగిన కథే, అయితే అందులో గోపురంలోని పిల్ల ఎవరికీ గుర్తుండదు. ఇక్కడ మాట విషయంలో కూడా జాగ్రత్త కావాలి. హాన్సెల్ గ్రెటెల్ ముసలిదానికి గ్రిమ్‌లు వాడిన జర్మన్ మాట వేరు, రాపుంజెల్ కథలో వాడిన మాట వేరు. మొదటిది తిట్టు, రెండోది మాయలు తెలిసిన స్త్రీ అని మాత్రమే చెబుతుంది. తెలుగులో రెండింటినీ మంత్రగత్తె అనేసి తేడా పోగొట్టాం. గోతెల్ అన్నది కూడా అసలు పేరు కాదు. అక్కడి మాండలికాల్లో జ్ఞానస్నానం నాటి జ్ఞానతల్లిని పిలిచే పిలుపు. మన క్రైస్తవ కుటుంబాల్లో ఆ బంధం తెలిసినదే. పిల్ల ఆమెను కథ పొడుగునా పిలిచేది ఆ వరసతోనే. మీ కథలో కథకుడు కూడా మంత్రగత్తె అనే మాటను ఒక్కసారైనా వాడకుండా రాసి చూడండి. ఆ మాట ఊరివాళ్ళ నోట మాత్రమే, అదీ గోడ అవతలి నుంచి వినబడాలి.

ముగింపు దగ్గర మీరు ఇబ్బంది పడ్డారని రాతలోనే తెలుస్తోంది. గోతెల్ పశ్చాత్తాపపడి ఎడారిలోని పిల్ల దగ్గరకు వెళ్ళి క్షమాపణ అడగడం మాత్రం తీసేయండి, అది లా ఫోర్స్ బంగారు రథమే, కాస్త చిన్నది. దానికి బదులు మూలకథలోని ఒక చిన్న వివరాన్ని ఆలోచించండి. పిల్లను నిర్జన ప్రదేశంలో వదిలిన రోజునే, సాయంత్రం, గోతెల్ కోసిన జడలను కిటికీ కొక్కేనికి కట్టి రాజకుమారుడి కోసం ఎదురుచూస్తుంది. అతను వస్తాడు, ఆమె నాలుగు విషపు మాటలంటుంది, పక్షి ఎగిరిపోయింది, పిల్లి ఎత్తుకుపోయింది అంటుంది, అతను దూకేస్తాడు. ఇప్పుడు పైన ఆమె ఒక్కతే ఉంది. తలుపు లేదు, మెట్లు లేవు, అలాంటి చోటును ఎంచుకున్నది తనే. కిందికి దిగాలంటే ఆ కొక్కేనికి కట్టిన జడలు పట్టుకుని దిగాలి. రోజూ పై నుంచి పట్టుకునే మనిషి లేదు, మెడ పట్టేసిందని అనేవాళ్ళు లేరు, ఈసారి ఎంత వేగంగా దిగినా ఫరవాలేదు. ఆమె ఎలా దిగిందో రాయండి. మెల్లగా దిగిందా, లేదా అన్నది మీరు నిర్ణయించుకోండి. తిరగరాశాక ఆ ఒక్క సన్నివేశం పంపితే చాలు, చదువుతాను.